విశ్వేశ్వరరావు కారు, ఈరమ్మ మూకుడు

ఆ ఆదివారం పొద్దున విశ్వేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాలి. కారు ఎక్కడుందో ఫోనుకి కబురు పంపే యంత్రం ఒకటి కొనాలి. తొమ్మిదిన్నరకల్లా చైతన్యపురిలో ఇంటికొచ్చి, దాన్ని కారులో ఎవరికీ కనపడకుండా దాచాలి. పదింటికి పక్కింటి మట్టయ్య రాగానే నవ్వుమొహంతో తాళం చేతిలో పెట్టాలి. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. విశ్వేశ్వరరావు కూడా అలాగే అనుకున్నాడు.

కారు వినాయకచవితికి కొన్నది. తెల్లటిది, చిన్నది. విశ్వేశ్వరరావు ఎల్.బి.నగర్‌లో ఒక బీమా కంపెనీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. గుడివాడ నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు స్కూటరు తొక్కి, చివరికి కారు ఇంటికి తెచ్చాడు గానీ దాన్ని నడపడం ఇంకా ఇంటికి తేలేదు. మొదటి గేరు వచ్చింది. రెండోది వస్తూ పోతూ ఉంది. నేర్పుతున్నది మట్టయ్యే. మట్టయ్యది నల్గొండ దగ్గర పల్లె, ఉద్యోగం హయత్‌నగర్ డిపోలో బస్సు డ్రైవరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నాలుగో వారం నడుస్తోంది కనుక బస్సులు డిపోలో, మట్టయ్య రోడ్డు మీద ఉన్నారు.

ముందురోజు సాయంత్రం ఆయన గోడ మీంచి తల పెట్టి అడిగాడు. "సారూ, రేపు ఎల్.బి.నగర్ కాడ వంటావార్పు ఉన్నది. బియ్యం, గిన్నెలు ఏసుకపోనీకి బండి దొర్కుత లేదు. జర కారు ఇస్తరా? రెండు గంటల్ల తెచ్చిస్త."

వంటావార్పు అంటే రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులు వేసుకు తిని రాకపోకలు ఆపడం. అక్కడ వేలమంది జనం ఉంటారు. అద్దాలకి గ్యారంటీ లేదు. ఇవన్నీ విశ్వేశ్వరరావు కళ్ల ముందు ఒక్కసారి తిరిగాయి. నోరు మాత్రం దాని దారిన అది "భలేవాడివే, దానికేం భాగ్యం, తీసుకెళ్లు!" అనేసింది.

అనక తప్పదు మరి. పిల్లాడికి డెంగ్యూ వచ్చినప్పుడు దవాఖానలో మూడు రాత్రులు కూచున్నది మట్టయ్య. అత్తగారు మంచాన పడ్డప్పుడు ఆవిణ్ణి ఎత్తి ఆటోలో కూచోబెట్టింది మట్టయ్య. కాదనడానికి ఏ ముఖం పెట్టుకుని కాదంటాడు? ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. కారు అద్దాలు పగిలినట్టూ, కారు నల్గొండ వెళ్లి తిరిగి రానట్టూ కలలొచ్చాయి.

పొద్దున్నే సంగతి విని భార్య ఇందిరాదేవి కాఫీ గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టింది.

"భయంగా ఉంటే ఇవ్వలేనని చెప్పండి. ఇస్తే మనసారా ఇవ్వండి. ఇచ్చి, వెనకాల యంత్రం పెట్టడమేవిటండీ, దొంగ వెనక పోలీసు పడ్డట్టు?"

"ఆయన దొంగని నేనన్నానా? కారు భద్రత కోసం."

"పద్నాలుగేళ్లుగా గోడ ఒకటే, బోరు ఒకటే. ఊరంతా మీరు, మేము అని వేరుపడి అరుచుకుంటుంటే ఈ గోడ దగ్గర ఇప్పటిదాకా ఆ మాట రాలేదు. మట్టయ్య అన్నయ్యగారికి తెలిసిందంటే ఇంక ఆయన మన గడప తొక్కరు. తొక్కమని పిలిచే మొహం మనకీ ఉండదు."

"తెలిస్తేగా!" అన్నాడు విశ్వేశ్వరరావు చెప్పులేసుకుంటూ.

దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణం అప్పుడే షట్టరు ఎత్తుతున్నారు. దాని యజమాని సాయినాథ్ అగరొత్తి తిప్పుతూనే గాజుబల్ల మీద మూడు రకాలు పరిచాడు.

"చూడుండ్రి సార్. ఇది వైర్‌ది. బండి బ్యాటరీకి కలుపుతం. ఉపగ్రహం తోని పని. బండి యే గల్లీల, యే ఇంటి ముంగట ఉన్నదో పక్కాగ చెప్తది. బండ్లకు ఇదే కరెక్ట్. ఇది రెండోది, చిన్నది. దీనికి వైర్లు లేవు, కింద అయస్కాంతం ఉంటది, ఇనుముకు టక్కున అతుక్కుంటది. దీని నంబర్‌కు మిస్డ్ కాల్ ఇస్తే దగ్గర్ల ఉన్న సెల్ టవర్ పేరు మెసేజ్ చేస్తది. గంతే. పెట్టెలకు, సామాన్లకు మంచిది. గీ మూడోది తాళాలకు. ఈలేస్తే కూస్తది. మీకు దేనికి సార్, బండికా, సామాన్‌కా?"

ఈ ఒక్క ప్రశ్నకి నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ బండికి అంటే ఏ బండి అంటాడు, ఎందుకు అంటాడు, ఎవరు తీసుకెళ్తున్నారు అంటాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు విశ్వేశ్వరరావు చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"సామానుకేనయ్యా. మా అత్తగారు కాశీ వెళ్తున్నారు. ఆవిడ ట్రంకుపెట్టెకి."

అత్తగారు కాశీకి కాదు, ఏకంగా కైలాసానికే వెళ్లి నాలుగేళ్లయింది. సాయినాథ్‌కి అది తెలియదు కనుక భక్తిగా తలూపి, అగ్గిపెట్టెంత నల్లటి యంత్రం చేతిలో పెట్టి, ఎలా వాడాలో రెండుసార్లు చూపించాడు.

ఇంటికొచ్చేసరికి పథకం తలకిందులైంది. మట్టయ్య పదింటికి రావలసినవాడు తొమ్మిదింటికే వచ్చాడు. ఇందిరాదేవి తాళం ఇచ్చేసింది. కారు వెనక సీటు నిండా బియ్యం బస్తాలు, డిక్కీ నిండా గోనెపట్టాలు కప్పిన వంటసామాన్లు ఉన్నాయి. మట్టయ్య చివరి బస్తా కోసం లోపలికి వెళ్లాడు.

ఆ ఒక్క నిమిషమే దొరికింది. ఇనుముకు అతికించాలి, ఎవరికీ కనపడకూడదు. కారులో స్టెప్నీ చక్రం ఉంటుందనీ, అది డిక్కీలో ఉంటుందనీ విశ్వేశ్వరరావు విన్నాడు. చూసింది లేదు. గోనెపట్టా కిందికి చెయ్యి పోనిచ్చి తడిమాడు. చేతికి ఏదో తగిలింది. గుండ్రంగా, చల్లగా, మధ్యలో గుంటగా ఉంది. పట్టా కొంచెం ఎత్తి చూస్తే నల్లగా కూడా ఉంది. ఇంకేం కావాలి? యంత్రాన్ని దగ్గర పెట్టగానే టక్కున అతుక్కుంది.

అది స్టెప్నీ కాదు. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లకి వండే ఈరమ్మ అనే వంటావిడ మూకుడు. ఒక్క వాయికి నలభై పూరీలు వేయించే ఇనుపమూకుడు. ఈ సంగతి మనకి తెలుసు, ఆయనకి తెలియదు. నల్లటి మూకుట్లో నల్లటి అగ్గిపెట్టె కాబట్టి ఇంకెవరికీ తెలిసే వీలూ లేదు.

"జాగ్రత్త మట్టయ్యా" అని డిక్కీకి వేలాడుతున్న తాళం తీసి అందించాడు. ఎంత నవ్వుదామన్నా నవ్వు మొహం మీద నిలబడలేదు.

"మీరు బేఫికర్ ఉండుండ్రి సారూ" అని మట్టయ్య కారెక్కాడు. వచ్చీరాని శిష్యుడు ఒళ్లంతా కళ్లు చేసుకుని చూస్తుండగా కారు ఒక్క కుదుపు లేకుండా సందు మలుపు తిరిగింది.

పదిన్నరకి మొదటి మిస్డ్ కాల్ ఇచ్చాడు. "ఎల్.బి.నగర్" అని మెసేజ్ వచ్చింది. విశ్వేశ్వరరావు ఇడ్లీ తిన్నాడు. పదకొండింటికి ఇంకోసారి ఇచ్చాడు. మళ్లీ ఎల్.బి.నగరే. ఇంకో రెండు ఇడ్లీలు తిన్నాడు. పదకొండున్నరకి ఇస్తే "హయత్‌నగర్" అని వచ్చింది. చేతిలో ఇడ్లీ చట్నీలో పడింది.

"ఇందిరా! కారు హయత్‌నగర్ వెళ్లింది!"

"వెళ్తే?"

"ఎల్.బి.నగర్ అన్నాడు. హయత్‌నగర్ దాటితే విజయవాడ రోడ్డు. ఆ రోడ్డులో పడితే నార్కట్‌పల్లి. అక్కడ కుడిచేతి వైపు తిరిగితే నల్గొండ! వాళ్ల ఊరు!"

"కారు తీసుకుని ఊరికి పారిపోతారా, పద్నాలుగేళ్లుగా పక్కింట్లో ఉన్న మనిషి! ఆయన భార్యాపిల్లలు ఇక్కడే ఉన్నారు కదండీ!"

"పారిపోతాడని నేనన్నానా? ఊరికే దూరం నుంచి ఓసారి చూసొస్తా. ఆయనకి కనపడనులే."

జరిగింది ఏమిటంటే, ఎల్.బి.నగర్‌లో మట్టయ్య సామాన్లన్నీ దించేశాడు. హయత్‌నగర్ వంటావార్పు శిబిరం వాళ్లకి వంటమనిషి దొరకలేదని కబురు రాగా, ఈరమ్మ తన గిన్నెలూ మూకుడూ ట్రాలీ ఆటోలో వేసుకుని అక్కడికి బయల్దేరింది. మూకుడు వెళ్లింది, యంత్రమూ దాంతోపాటే వెళ్లింది.

విశ్వేశ్వరరావు స్కూటరు ఆ రోజే మొరాయించింది. బస్సులు లేవు. మెయిన్ రోడ్డు మీద నిలబడితే ఆటోవాళ్లు చెయ్యి చూసి కూడా ఆగడం లేదు. చివరికి ఒక డీసీఎం వ్యాను ఆగింది. దాని నిండా జనం, జెండాలు, డప్పులు.

"హయత్‌నగరేనా సారూ? ఎక్కు, ఎక్కు!"

ఎక్కాక తెలిసింది, ఊరికే ఎక్కడం కుదరదని. ఎవరో మెళ్లో గులాబీ కండువా వేశారు. ఇంకెవరో చొక్కాకి బ్యాడ్జీ గుచ్చారు. వ్యాను కదలగానే అందరూ నినాదం ఎత్తుకున్నారు. సమైక్యానికీ ప్రత్యేకానికీ రెండు చేతులా దణ్ణం పెట్టి తప్పుకునే మనిషికి చుట్టూ ముప్పై మంది చూస్తుండగా తప్పుకునే చోటు దొరకలేదు.

"జై తెలంగాణ అండీ" అన్నాడు మర్యాదగా.

వ్యానంతా గొల్లుమంది. "అండీ ఏంది సారూ! గుండెల్లకెల్లి రావాలె!" అని ఒక పెద్దాయన వీపు తట్టాడు. పనామా గోదాముల దగ్గరికి వచ్చేసరికి విశ్వేశ్వరరావు గుండెల్లోంచే అంటున్నాడు. కారు మీద బెంగ వల్ల ఆ గొంతులో మిగతావాళ్లకి లేని ఆర్తి కూడా కలిసింది. అందరూ మెచ్చుకున్నారు.

హయత్‌నగర్‌లో రోడ్డు పక్క తెల్లకార్లు ఏడు కనిపించాయి. ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి, వంగి, నంబరు చూసి, వెనక్కి తిరగడం మొదలుపెట్టాడు. నాలుగో కారు దగ్గర ఒకావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నుదుటి మీద రూపాయంత బొట్టు, చేతిలో గరిటె. ఆవిడే ఈరమ్మ.

"ఏం దేవులాడుతున్నవ్ సారూ?"

కారు అంటే ఎవరి కారు అంటుంది, మట్టయ్య అంటే మట్టయ్యకి చెబుతుంది. "సామానమ్మా. ఒక సామాను కోసం" అన్నాడు.

"సామాను కాడికా? గిట్ల చెప్పరాదు మరి! పొద్దటి సంది చేతికింద ఒక్కడన్న దొర్కుతడా అని చూస్తున్న. రా, రా." చెయ్యి పట్టుకుని వంటసామాన్ల దగ్గరికి తీసుకెళ్లి కూచోబెట్టేసింది. "యే ఊరు మీది?"

"గుడివాడండీ."

"ఆంధ్రనా? అయితే పులిహోర మీకు మస్తు వస్తది. మూడొందల మందికి కలుపాలె. అగో చింతపండు."

అక్కడే ఉంటే కారు కనిపించినా కనిపించవచ్చు, లేచిపోతే అనుమానం వచ్చినా రావచ్చు. విశ్వేశ్వరరావు చొక్కా చేతులు మడిచి చింతపండు పిసకడానికి కూచున్నాడు. నడుం నొప్పి పుట్టి, వెనక గోడకి ఆనించి ఉన్న పెద్ద మూకుడుకి చేరగిలబడ్డాడు. పూరీలు సాయంత్రం బడంగ్‌పేట్‌లోనట, అందుకని మూకుడికి అప్పటిదాకా పని లేదు. అలా దానికి వీపు ఆనించి, పది నిమిషాలకోసారి తడిచెయ్యి పంచెకి తుడుచుకుని మిస్డ్ కాల్ ఇచ్చాడు. ప్రతిసారీ "హయత్‌నగర్" అనే వచ్చింది. ఇక్కడే ఎక్కడో ఉంది, ఉంది కానీ కనపడదు. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని సంతంతా వెతకడం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

మధ్యలో ఇందిరాదేవి ఏడుసార్లు ఫోన్ చేసింది. మైకులో పాటలు, డప్పులు వినిపిస్తే చీవాట్లు తప్పవని ఏడుసార్లూ కట్ చేశాడు. తెలియని నంబరు ఒకటి నాలుగుసార్లు మోగింది. అదెవరో కారు పోయిందని చెప్పేవాళ్లే అనిపించి, వినే ధైర్యం లేక అదీ కట్ చేశాడు.

పులిహోర మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఇంగువ వాసన రోడ్డు అవతలిదాకా వెళ్లింది. "సారు చెయ్యి పడ్డది" అని ఈరమ్మ నలుగురికీ చెప్పింది. ఇంట్లో కాఫీ కూడా కలపడం రాదని పేరు పడ్డ మనిషికి ఆ మాటతో కాసేపు కారు సంగతే గుర్తు రాలేదు.

మూడింటికి ఈరమ్మ ట్రాలీలోకి సామాన్లు ఎక్కించింది. "బడంగ్‌పేట్ పోవాలె. చైతన్యపురి అన్నవు గద, అటెంక నిన్ను దింపిపిస్త. ఎక్కు. గీ మూకుడు జర పట్టుకో, రోడ్లు మంచిగ లెవ్వు, జారుతది."

విశ్వేశ్వరరావు ట్రాలీ వెనక గిన్నెల మధ్య కూచుని మూకుణ్ణి ఒళ్లో పెట్టుకున్నాడు. బండి కదిలింది. కాసేపటికి మిస్డ్ కాల్ ఇచ్చాడు. "ఎల్.బి.నగర్" అని వచ్చింది. తలెత్తి చూశాడు. ట్రాలీ అప్పుడే ఎల్.బి.నగర్ చౌరస్తా దాటుతోంది.

సాగర్ రింగ్ రోడ్డులో ఇంకోటి ఇచ్చాడు. "సాగర్ రింగ్ రోడ్డు". కర్మన్‌ఘాట్ దగ్గర ఇంకోటి. "కర్మన్‌ఘాట్". తను ఎటు పోతే కారు అటే వస్తోంది! అంటే ఏమిటి? మట్టయ్యకి సంగతి తెలిసిపోయింది. పొద్దుటి నుంచీ తను మట్టయ్య వెనక పడ్డాననుకుంటున్నాడు. మట్టయ్యే తన వెనక పడ్డాడు!

వెనక్కి తిరిగి చూస్తే దూరంగా, లారీ వెనకాల, తెల్లకారు ఒకటి వస్తోంది. నంబరు కనపడలేదు కానీ, అద్దానికి దసరా పూజనాటి బంతిపూల దండ వేలాడుతోంది. తన కారే! ఇంక ఈ మొహం ఎలా చూపించాలి? గులాబీ కండువా, చింతపండు చేతులు, ఒళ్లో మూకుడు. ఇక్కడికెందుకు వచ్చారు సారూ అని అడిగితే ఏం చెప్పాలి? దాక్కోవడానికి గిన్నెలు తప్ప ఏం లేవు. విశ్వేశ్వరరావు కాళ్లు ముడుచుకుని, మూకుణ్ణి రెండు చేతులతో ఎత్తి, నెత్తి మీంచి భుజాల దాకా బోర్లించుకున్నాడు.

లోపల చీకటి, మసివాసన. ట్రాలీ గుంటలో పడ్డప్పుడల్లా అంచు ముక్కుకి తగులుతోంది. ఇలా ఎంతదూరం అనుకుంటూ కళ్లు పైకెత్తాడు. కనుబొమలకి జానెడు దూరంలో, ఎండలో కనపడని చిన్న ఎర్రటి దీపం ఒకటి మినుకుమంది. ఆరింది. మళ్లీ మినుకుమంది.

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక మూకుట్లోంచి బయటికి రావాలనే కోరిక పూర్తిగా పోయింది. ఫోను కూడా అప్పుడే చార్జి అయిపోయి చచ్చిపోయింది.

బడంగ్‌పేట్‌లో ట్రాలీ ఆగింది. వెనకాలే కారు ఆగిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, పరిగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు. మూకుడు ఒక్కసారి పైకి లేచింది. ఎదురుగా మట్టయ్య.

"సారూ! గీడున్నరా! బతికిచ్చిండ్రు!" మట్టయ్య మొహం నిండా చెమట. "ఇందిరమ్మ ఒక్క తీర్గ ఏడుస్తుంది. ఫోన్లు కట్ చేస్తున్నరట. యే గొడవల ఇరుక్కున్నరో, ఎవ్వడన్న ఏమన్న అన్నడో అని నా పానం పోయింది. హయత్‌నగర్ పోయిండని ఇందిరమ్మ చెప్పింది, ఆడికి పోతె ఈరమ్మ బండిల పోయిండన్నరు. మూకుడు కింద ఏం చేస్తున్నరు సారూ?"

"ఎండగా ఉందని" అన్నాడు విశ్వేశ్వరరావు. మొహం నిండా మసి ఉండటం వల్ల సిగ్గు బయటికి కనపడలేదు.

ఈలోపు ఈరమ్మ మూకుడు అందుకుని లోపల వేలు పెట్టి గీకింది. "గిదేందమ్మా నా మూకుడుకు? జలగ లెక్క పట్టుకున్నది?"

అందరూ యంత్రాన్ని చూశారు. మట్టయ్య కూడా చూశాడు. విశ్వేశ్వరరావు పంచె మీద మసి దులుపుకుంటూ లేచాడు.

"అదీ... ఈరమ్మగారూ, మీ మూకుడు ఈ గొడవల్లో ఎక్కడా పోకుండా నేనే పెట్టించాను. ఎక్కడున్నా ఫోనుకి చెబుతుంది."

ఈరమ్మ నోరు తెరిచింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. "పోయిన పెండ్లిల ఇంతంత గంగాళమే మాయమాయె. పట్టించుకున్నోడు లేడు. ముక్కు మొఖం ఎరుకలేని నా మూకుడు కోసం గింత ఫికర్ చేసినవా బిడ్డా!" అని రెండు చేతులతో ఆయన మసిమొహం నిమిరి మెటికలు విరిచింది. ఆ యంత్రం ఇంక ఆవిడ ఇచ్చేలా లేదు. అడిగే నోరు ఆయనకీ లేదు.

మట్టయ్య మాత్రం కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "పాండ్రి సారూ, ఇంటికి పోదాం" అన్నాడంతే.

కారులో పక్కపక్కనే కూచున్నారు. రెండు కిలోమీటర్ల దాకా విశ్వేశ్వరరావు గోళ్లలో ఇరుక్కున్న చింతపండు తీసుకుంటూ ఉన్నాడు.

"సారూ, స్టెప్నీ ఏడుంటదో ఎరుకేనా?" అన్నాడు మట్టయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"డిక్కీలో."

"డిక్కీల చాప లేపాలె. దాని కింద ఉంటది. రేపు చూపిస్త."

విశ్వేశ్వరరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. తుడిచినకొద్దీ మసి ఇంకా పరుచుకుంది. "మట్టయ్యా, నేను నిన్ను నమ్మలేదయ్యా. నా పిల్లాడి మంచం పక్కన మూడు రాత్రులు కూచున్నవాణ్ణి నమ్మలేదు. నువ్వు తిట్టినా పడతాను."

"నాకు పన్నెండింటికే ఎరుక సారూ."

"ఎలా?"

"సాయినాథ్ మా ఊరి పోరడే. దుకాణానికి పోతె, మీ గల్లీ సారు గూడ పొద్దుగాల్నే వచ్చిండు, ఆయన అత్తమ్మ కాశీ పోతుందంట, పెట్టెకు మిషన్ తీస్కపోయిండు అని చెప్పిండు. నాలుగేండ్ల కింద ఆమెను అంబర్‌పేట శ్మశానం దాక తీస్కపోయిన బండి నేనే నడిపిన గద, ఇప్పుడు ఏ పెట్టె తీస్కొని పోతది అనుకున్న."

విశ్వేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు. "తెలిసి కూడా నా కోసం ఊరంతా తిరిగావా?"

"మిషన్ మూకుడుకు పెట్టిండ్రు గని మీకు పెట్టుకోలే గద. తిరగకుంటె ఎట్ల దొర్కుతరు?"

"మరి నువ్వెందుకెళ్లావు ఆ దుకాణానికి?"

మట్టయ్య కొంచెం మొహమాటపడ్డాడు. స్టీరింగు కింద ఒక మూలకి వేలు చూపించాడు. కొత్త వైర్లు రెండు, వాటి చివర చిన్న పెట్టె, లోపల పచ్చదీపం.

"ఒకలింట్ల గిన్నె తెచ్చుకుంటె ఒట్టిగ తిరిగియ్యరు సారూ. పిడికెడు బియ్యమో, బెల్లంముక్కో ఏసి ఇస్తరు. మరి సారు కారే ఇచ్చిండు, ఒట్టిగ ఎట్ల ఇస్తవు అన్నది మా ఇంటామె అండాలు. పొద్దుగాల తాళం ఇచ్చేటప్పుడు మీ మొఖం మీద నవ్వు నిలువలే. పాపం, కారు మీద పానం పెట్టుకున్నడు, ఇగ ఎవ్వరికిచ్చినా బుగులు ఉండద్దు అని గిది పెట్టిపిచ్చిన. సాయినాథ్ కాడ షో కోసం పెట్టిన మిషన్ ఉంటె ఇచ్చిండు. వైర్‌ది. బండ్లకు ఇదే కరెక్ట్ అంట."

"నా సంగతి తెలిశాక కూడా పెట్టించావా?"

"అప్పటికే వైర్లు కలిపిండు సారూ. మల్ల పీకుడు ఎందుకని ఊకున్న. కోపమైతె వచ్చింది. అబద్ధం ఎందుకు? ఇంటికి పోయి తాళం ఇచ్చి, ఇగ గీ మనిషితోని మాట బంద్ అనుకున్న. పోతె మీరు లేకపోతిరి. దేవులాడుట్లనే కోపం ఏడనో పడిపోయింది."

విశ్వేశ్వరరావుకి ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. మట్టయ్య అటు చూడనట్టు పక్క అద్దం సర్దుకున్నాడు, సర్దిన అద్దాన్నే మళ్లీ సర్దాడు. చైతన్యపురి వచ్చేదాకా దాంతోనే సరిపోయింది.

ఇంటి ముందు ఇందిరాదేవి గేటు పట్టుకుని నిలబడి ఉంది. మసిమొహం, గులాబీ కండువా, ఇంగువ వాసన చూసి ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక, "ముందు స్నానం చెయ్యండి, తర్వాత తిడతాను" అంది.

మట్టయ్య తాళం ఇచ్చి గోడ దాటబోతుంటే విశ్వేశ్వరరావు ఆపాడు. "అవునూ, ఆ పెట్టె మెసేజ్‌లు నా ఫోనుకే వస్తాయిగా?"

"ఏడికెల్లి వస్తయి సారూ! మిషన్‌ల నంబర్ ఎక్కియ్యాలంటె మీరు ఫోన్ ఎత్తి ఒకటి నొక్కాలెనంట. సాయినాథ్ నాలుగుసార్లు చేసిండు, నాలుగుసార్లు కట్ చేసిండ్రు. ఇగ నా నంబరే ఎక్కిచ్చిండు. మల్ల మార్చుడు కుదరదంట."

ఆ రోజు నుంచి విశ్వేశ్వరరావు కారు ఎక్కడుందో మట్టయ్య ఫోనుకి తెలుస్తుంది. విశ్వేశ్వరరావు ఎక్కడున్నాడో కావాలంటే ఇందిరాదేవి గోడ మీంచి మట్టయ్యని అడుగుతుంది.